బాగా వినే పిల్ల

మడతమ్మ అని పేరు పెట్టింది నేనే. ఆస్పత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టడం ఇద్దరు మనుషుల పని. చెరో కొసా పట్టుకోవాలి, దులపాలి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. తను ఒక్కతే చేసేది. దుప్పటి మధ్యలో గడ్డంతో నొక్కిపట్టి, రెండు చేతులూ చాచి టపటపా నాలుగు విసుర్లు విసిరిందంటే అది పలకలా తయారయ్యేది. ఎవర్నీ మెచ్చుకోని మా సూపర్‌వైజరు కూడా ఒకరోజు నిలబడి చూశాడు. మడతపేచీ అంటే ఏంటో తెలియని మనిషికి మడతమ్మ అని పేరేంటే అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. అదీ నిజమే. ఒకరు ఒక మాటంటే తిరిగి అరమాట అనే రకం కాదు. నేను అలా కాదు, ఒకటంటే నాలుగంటాను. ఈ దేశం వచ్చాక నాకు జుట్టు నెరిసింది. ఇక్కడి భాష నేను బడికెళ్ళి నేర్చుకున్నది కాదు, పోట్లాడి నేర్చుకున్నది. అందుకే మడతమ్మకి ఎక్కడ నోరు కావలసినా నన్ను పిలిచేది.

మొగుడు లారీ తోలేవాడు. ముందు తను వచ్చి, కాస్త నిలదొక్కుకుని పెళ్ళాన్నీ బిడ్డనీ తెచ్చుకున్నాడు. రెండో చలికాలంలో రోడ్డు మీద గడ్డకట్టిన మంచుకి లారీ జారి చనిపోయాడు. ఆ కబురు తెచ్చిన ఇద్దరు మనుషులు ఏం చెబుతున్నారో మడతమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదట. వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన వచ్చే వేళయింది, ఉండండి, వచ్చాక ఆయనతో మాట్లాడండి అని చేతుల్తో సైగ చేసింది. వాళ్ళు చాలాసేపు కూర్చున్నారట పాపం. ఈ సంగతి తను నాతో చెప్పినప్పుడు ఏడవలేదు, నేను ఏడ్చాను.

వెనక్కి వెళ్ళిపోవచ్చుగా అంటారు జనం. అనడానికేం, నాలుకకి ఎముకుందా? ఎవరింటికి వెళ్తుంది? తల్లి లేదు. అన్న ఉన్నాడు గానీ ఫోన్‌లో మాట్లాడుతుంటేనే వదిన గిన్నెలు ఎత్తేసే చప్పుడు వినిపిస్తుంది. అత్తగారైతే తెగేసి చెప్పింది, మా వాడి బిడ్డని మా దగ్గర దించి నీ దారి నువ్వు చూసుకో అని. ఆ మాట విన్నాక మడతమ్మ ఇక అటు కన్నెత్తి చూడలేదు. 'దీన్ని వదిలేసి నేను బతికి ఎవర్ని ఉద్ధరించాలక్కా,' అంది నాతో. ఉన్నది ఆ పిల్ల ఒక్కతే తనకి.

ఆ పిల్లకి ఏడేళ్ళు. మా అందరికీ వసపిట్ట. పుట్టగానే వస ఎవరు పోశారో గానీ డబ్బాడు పోసి ఉంటారు. ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్తే మెట్ల మీదే మొదలుపెట్టేది. 'పెద్దమ్మా, చీమకి మోకాళ్ళు ఉంటాయా? పెద్దమ్మా, నీ పళ్ళు నీవేనా? పెద్దమ్మా, నువ్వు చిన్నప్పుడు కూడా ఇంత లావేనా?' నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పొచ్చేది. ఆ మెట్లు ఒక సైకిల్ రిపేరు షాపు పక్కన్నుంచి పైకెళ్ళేవి. ఒకటే గది, ఎప్పుడూ టైర్ల వాసన. ఒక మంచం, గోడకి ఆనుకుని స్టవ్వు, వీధి వైపు ఒక కిటికీ. గదికి అవతల, వసారా చివర, నాలుగు గదులవాళ్ళకీ కలిపి ఒక మరుగుదొడ్డి.

ఇక అసలు సంగతి చెబుతాను. మా దగ్గర భాష రానివాళ్ళకి రాత్రి షిఫ్టే గతి. పగలు వార్డులవాళ్ళతో మాట్లాడాలి, ఫోన్లు ఎత్తాలి. రాత్రయితే మెషిన్లతోనే కదా కాపురం. మొదట్లో కింద ఉండే దర్జీ ముసలామె వచ్చి పిల్ల పక్కన పడుకునేది. ఆమెని కొడుకు వేరే ఊరు తీసుకెళ్ళిపోయాడు. నేను పనివాళ్ళ హాస్టల్లో ఉంటాను, అక్కడ పిల్లలని గడప దాటనివ్వరు, రాత్రిపూట మమ్మల్ని బయట పడుకోనివ్వరు. వార్డెన్‌తో నేను పడ్డ గొడవ హాస్టలంతా విన్నారు, పని జరగలేదు. డబ్బిచ్చి ఎవర్నయినా పెట్టుకుందామంటే ఆ మనిషికే జీతమంతా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి పిల్ల రాత్రుళ్ళు ఒక్కతే పడుకోవడం మొదలైంది.

ఈ దేశంలో అది చాలా పెద్ద తప్పు. నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేది కాదు. తెలిసిందంటే పిల్లల ఆఫీసు నుంచి మనుషులొచ్చి పిల్లని తీసుకుపోతారు. మా లాండ్రీలోనే ఇంకో దేశం ఆమె పిల్లల్ని అలాగే తీసుకెళ్ళారు. ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉందామె. పెద్దపిల్ల ఇప్పుడు తల్లి భాష మర్చిపోయిందట. మడతమ్మ ఈ కథ విన్న రోజు మెషిన్‌లో ఒకటే బట్టలు రెండుసార్లు వేసింది.

అందుకని అన్ని జాగ్రత్తలూ పడేది. పనికెళ్ళే ముందు స్టవ్వు పిడి ఊడదీసి తన సంచిలో వేసుకునేది. మరుగుదొడ్డికి బయటికి వెళ్ళక్కర్లేకుండా మూలన మూతున్న బకెట్టు పెట్టేది. లైటు వెయ్యకు, కిటికీ దగ్గరికి పోకు, ఎవరు తలుపు కొట్టినా పలక్కు. ఇన్ని చెప్పి ముద్దుపెట్టుకుని, బయట తాళం వేసుకుని వచ్చేది. తెల్లారి షిఫ్టు మారే వేళ నేను లోపలికి వస్తుంటే తను ఎదురు పరిగెత్తుకుంటూ పోయేది. పలకరిస్తే ఆగేది కాదు. బస్సు కోసం కూడా ఆగేది కాదు, నడిస్తే ముందు చేరతానని.

ఒకసారి ఈ వసపిట్ట రొట్టెల షాపామెతో అనేసింది, 'మా అమ్మ రాత్రుళ్ళు ఇంట్లో ఉండదు, నేనే ఇంటికి కాపలా' అని. అప్పుడే బడిలో వేసిన రోజులు, ఆ భాషలో దానికి వచ్చిన మొదటి నాలుగు మాటలూ అవే అయ్యాయి. షాపామె ఏదో ఆటలే అనుకుని నవ్వేసింది, అదృష్టం. ఏమన్నావే అని పిల్లని అడిగి తెలుసుకున్న మడతమ్మకి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత పిల్లకి గట్టిగా చెప్పానంది, ఇక భయం లేదంది. మరి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో నేను అడగలేదు. షాపుకి మాత్రం పిల్లని తీసుకెళ్ళడం మానేసింది.

ఇలాగే ఏడాది గడిచింది. ఒకరోజు షిఫ్టు మారే వేళ, ఎప్పుడూ ఆగని మనిషి ఆగింది. మొహం చేటంత చేసుకుని ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

'అక్కా, బడి నుంచి వాయిస్ మెసేజీ వచ్చింది. వసపిట్టకి బహుమతి ఇస్తారట! అందరి ముందూ, స్టేజీ మీద! పిల్లే విని చెప్పింది. ఇందులో ఇంకేమన్నా ఉందేమో నువ్వు విను.'

విన్నాను. మీ అమ్మాయికి బహుమతి ఇస్తున్నాం, తప్పకుండా రండి, సభ అయ్యాక కాసేపు ఉండండి, మీతో మాట్లాడాలి, భాష తెలిసినవాళ్ళని వెంట తెచ్చుకోండి అని టీచరు గొంతు.

'దేనికట బహుమతి?' అన్నాను.

'బాగా వింటుందనట!'

'వినడానికి కూడా బహుమతా?'

'అదేగా! చెప్పింది వినకపోతే మా నాన్న నా వీపు విమానం మోత మోగించేవాడు. విన్నందుకు ఒక్కనాడు ఒక్క బిళ్ళైనా ఇచ్చిన పాపాన పోలేదు,' అని పకపకా నవ్వింది. మొగుడు పోయాక తను అలా నవ్వడం నేను చూళ్ళేదు. అందుకే, ఆ 'మాట్లాడాలి' అన్న మాట నాకు నచ్చకపోయినా, దాని ఊసెత్తకుండా ఫోను తిరిగిచ్చేశాను. 'నువ్వు రావాలక్కా. నాకు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కూడా తెలీదు,' అంది. సూపర్‌వైజరు కాళ్ళు పట్టుకుని సెలవు పెట్టాను. కాళ్ళు పట్టుకోవడం అంటే నా పద్ధతిలో, అరిచి.

ఆ రోజు బడి గేటు దగ్గరికి మడతమ్మ రాత్రి పని దిగి, పిల్లని బడిలో దింపి, మళ్ళీ మా హాస్టలు దాకా వెళ్ళి నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. కునుకు లేదు. సంచిలో మడిచి తెచ్చుకున్న నీలం కోటు తీసి వేసుకుంది. మొగుడు కొన్న కోటు. చేతులు మాత్రం ఎన్నిసార్లు కడిగినా బ్లీచింగు వాసనే. వాటిని జేబుల్లో దోపుకుంది.

'బావున్నానా అక్కా? దాని పరువు తియ్యనుగా?'

'నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. మిగతాదంతా అందంగానే అఘోరించింది, పద,' అన్నాను.

హాలునిండా తడి కోట్ల వాసన. కూర్చోడానికి చిన్నపిల్లల కుర్చీలే, మోకాళ్ళొచ్చి గడ్డానికి తగులుతున్నాయి. నేను కూర్చున్నాక లేవగలనో లేదో అనుకున్నాను. తల్లిదండ్రులంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పిల్లలు నేల మీద బారులు తీరి కూర్చున్నారు. మా వసపిట్ట మూడో వరసలో, వీపు నిటారుగా పెట్టి, పెదాలు బిగించి కూర్చుంది. మమ్మల్ని చూసి కళ్ళతో నవ్వింది. పక్కపిల్లలు గుసగుసలాడుతున్నారు, గిల్లుకుంటున్నారు. ఇది మాత్రం కదల్లేదు. ఇంత బుద్ధిమంతురాలు ఎప్పుడయిందే ఇది అనుకున్నాను.

ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. చక్కగా రాసేవాడట ఒకడు, బాగా పరిగెత్తేది ఒకతె, అందరికీ సాయం చేసేది ఇంకొకతె. బహుమతి తీసుకున్నాక టీచరు మైకు అందిస్తుంది, ఒక మాట చెప్పాలి. ఒక పిల్ల మా తాతకి థాంక్స్ అంది. ఒకడు నాకు ఆకలేస్తోంది అన్నాడు, హాలంతా నవ్వింది. మడతమ్మ నా మోచెయ్యి పట్టుకుని, 'మనది ఏం చెబుతుందంటావు? దానికి మైకు ఇస్తే ఇక సాయంత్రం దాకా మనం ఇంటికి పోనక్కర్లేదు,' అంది.

వసపిట్ట వంతు వచ్చింది. మా బడి మొత్తంలో అందరికంటే బాగా వినే పిల్ల అని పిలిచారు. ఎక్కింది, మెరిసే రిబ్బను కట్టిన అట్ట తీసుకుంది. మడతమ్మ చేతులు జేబుల్లోంచి తీసి చప్పట్లు కొట్టింది, అందరూ ఆపేశాక కూడా కొట్టింది. నేను మైకు వైపు చూస్తున్నాను. టీచరు దాన్ని వెనక్కి పెట్టేసుకుంది. వసపిట్టకి ఇవ్వలేదు. తల నిమిరి దింపేసింది. అందరికీ ఇచ్చి దీనికెందుకు ఇవ్వలేదు? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మన పిల్ల కాబట్టేగా అనుకున్నాను, లేచి అడుగుదామనే అనుకున్నాను.

ఇంతలో మా ముందు నేల మీద కూర్చున్న ఒక పాప వెనక్కి తిరిగింది. పళ్ళూడిన నోరు. చాలా మర్యాదగా నన్ను అడిగింది, 'మీరు ఆ మూగమ్మాయి వాళ్ళ మనుషులా?' అని.

'ఏమంటోందక్కా ఆ పాప?'

'నీ కోటు బావుందంటోంది,' అన్నాను.

మడతమ్మ ఆ పాప బుగ్గ పుణికింది.

సభ అయ్యాక పెద్దటీచరమ్మ గదికి పిలిచారు. నలుగురం, వసపిట్టతో అయిదుగురం. బల్ల మీద కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె ఒకటి మా వైపు జరిపి పెట్టి ఉంది. నేను దాన్ని మళ్ళీ వాళ్ళ వైపే తోసేశాను. పెద్దటీచరమ్మ సన్నగా, పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. క్లాసు టీచరు చిన్నది, పాతికేళ్ళుంటాయేమో. వాళ్ళు చెడ్డవాళ్ళయితే ఎంత బావుండేది! నాలుగు తిట్టి వచ్చేసేదాన్ని. చెడ్డవాళ్ళు కాదు.

పెద్దటీచరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల తెలివైనది, రాస్తుంది, లెక్కలు చేస్తుంది, చెప్పినవన్నీ వింటుంది. కానీ బడిలో చేరిన దగ్గర్నుంచీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒక్కటి కూడా. ఆటల్లో పడిపోయి మోకాలు చీరుకుపోయినా అమ్మా అనలేదు. మధ్యాహ్నం అందరితో పాటు భోజనానికి కూర్చుంటుంది, తినదు. మంచినీళ్ళు కూడా తాగదు. పళ్ళెం పక్కవాళ్ళకి జరిపేస్తుంది. ఏడాది ఓపిక పట్టాం. మాటలు రాని పిల్లలకి వేరే బడి ఉంది, ఊరికి దూరం, అక్కడే ఉండి చదువుకోవాలి. అక్కడికి పంపడానికి మీరు ఒప్పుకోవాలి.

నేను తెలుగులో చెప్పాను. మడతమ్మ ముందు నవ్వింది.

'మాటలు రావా? దీనికా? వేరే ఎవరి పిల్ల గురించో చెబుతున్నారక్కా. సరిగ్గా అడుగు. ఇంట్లో ఇది గోడల్తో కూడా మాట్లాడుతుందని చెప్పు. నిద్రలో కూడా లొడలొడా వాగుతుందని చెప్పు.'

'దీని గురించేనే. భోజనం కూడా తినదట.'

'తినదా? అందుకేనా సాయంత్రం అలా... నేను ఎదిగే పిల్ల ఆకలి అనుకున్నానే...' అంటూ పిల్ల వైపు తిరిగింది. తిరిగిన మనిషి అలాగే ఆగిపోయింది.

'నోరు తెరు,' అంది.

వసపిట్ట తెరవలేదు. తల అడ్డంగా ఊపింది.

'నేను చెబుతున్నానుగా, నోరు తెరువమ్మా.'

నోరు తెరిచి నాలుక ఎత్తింది. నాలుక కింద ఒక నువ్వుగింజ. తెల్లగా ఉబ్బి ఉంది.

టీచర్లిద్దరూ ముందుకి వంగారు, వాళ్ళకేమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. మడతమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా చెప్పింది. రొట్టెల షాపులో వాగేసిన రోజు, కోపం వచ్చి, 'నీ నోట్లో నువ్వుగింజ నానదే!' అని తిట్టిందట. మనందరం పిల్లల్ని అనేదే, నేనూ నూరుసార్లు అన్నదే. 'అంటే ఏంటమ్మా?' అని అడిగిందట పిల్ల. అంటే, చిన్న నువ్వుగింజ కూడా నానేదాకా నోరు మూసుకుని ఉండలేవని. పిల్ల ఏడుస్తుంటే చూడలేక, ఆటలా చేసి, డబ్బాలోంచి ఒక గింజ తీసి నాలుక కింద పెట్టి, 'బడిలో దీన్ని జాగ్రత్తగా నానబెట్టుకుని సాయంత్రం నాకు చూపించు, అప్పుడు నీ నోరు మంచి నోరని ఒప్పుకుంటా' అందట. రెండు రోజులు చూసింది, మెచ్చుకుంది. తర్వాత పని, నిద్ర, ఇల్లు, మర్చిపోయింది. పిల్ల మర్చిపోలేదు. పొద్దున్నే తనే డబ్బా తీసి ఒక గింజ పెట్టుకుని బయల్దేరేది. నీళ్ళు తాగితే గింజ జారిపోతుందని నీళ్ళు తాగలేదు.

'సాయంత్రం ఇంటికి రాగానే మింగేస్తున్నానమ్మా,' అంది వసపిట్ట గింజ పోకుండా నాలుక మడిచి, ముద్దముద్దగా. 'నువ్వు నిద్రలో ఉంటావుగా, లేపకూడదుగా.'

మడతమ్మ నేల మీద కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. 'ఉమ్మెయ్ నా తల్లీ, ఉమ్మెయ్,' అని దాని నోటి కింద చెయ్యి పట్టింది. గింజ ఆ చేతిలో పడింది. నేను వచ్చీరాని మాటల్లో టీచర్లకి చెప్పాను, ఇది మూగది కాదు, మాట్లాడొద్దని ఒక ఆట ఆడించారు, అది నిజమనుకుంది అని. ఎందుకు మాట్లాడొద్దన్నారని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో అని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ అడగలేదు. చిన్న టీచరుకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

'ఇప్పుడు మాట్లాడుతుందా?' అంది.

'ఏమంటోంది?' అంది మడతమ్మ.

'ఇప్పుడు మాట్లాడుతుందా అని.'

'ఎందుకు మాట్లాడదు! మాట్లాడకపోతే దీన్ని ఎక్కడికో పంపేస్తారుగా. మాట్లాడు తల్లీ. వాళ్ళు ఏం అడిగితే అది చెప్పు. నీకు మాటలొచ్చని చూపించు.'

'ఏం అడిగినా చెప్పొచ్చా?' అంది పిల్ల.

'ఆగవే,' అన్నాను నేను.

'ఏం అడిగినా చెప్పు,' అంది మడతమ్మ. నా మాట తన చెవిన పడలేదు.

చిన్న టీచరు పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎవరన్నా పిల్లల్ని ఏమడుగుతారు? అలాంటిదే అడిగింది, పాపం, ఏ దురుద్దేశం లేకుండా. 'రాత్రి పడుకునేటప్పుడు నీకు కథలు ఎవరు చెబుతారు?' అని.

వసపిట్ట నోరు విప్పింది. అబ్బ, ఎంత బాగా మాట్లాడిందో! ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళలా, నాలుక ఎక్కడా తట్టుకోకుండా, ఏడాదిపాటు విన్న భాషంతా ఒక్కసారి బయటికొచ్చింది. మడతమ్మకి ఒక్క ముక్క అర్థం కాదు. పిల్ల నోట ఆ భాష ఇంత ధారాళంగా వినడం కూడా అదే మొదలు. చేతులు గుండెల మీద పెట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే, మొహం వెలిగిపోతూ చూస్తోంది.

'కథలు ఎవరూ చెప్పరు,' అంటోంది పిల్ల. 'రాత్రి మా అమ్మ పనికి వెళ్తుంది. నేనే చెప్పుకుంటాను. గోడలో నీళ్ళగొట్టం ఉంది, అది చప్పుడు చేస్తుంది, దానికి చెబుతాను. లైటు వెయ్యను. లైటు వేస్తే నేనున్నానని తెలిసిపోతుంది. అమ్మ బయట తాళం వేస్తుంది, దొంగలు రాకుండా. ఒకసారి కింద సైకిళ్ళ షాపులో టైరు కాలింది, పొగ పైకొచ్చింది. తలుపు రాదుగా. నేను మంచం కిందకి దూరి దుప్పటి నోట్లో కుక్కుకున్నాను, దగ్గితే వినపడుతుందని. అది అమ్మకి కూడా తెలీదు. జ్వరం వచ్చినప్పుడు తడిగుడ్డ నేనే వేసుకున్నాను. నేను ఒక్కసారి కూడా ఏడవలేదు.'

గొప్పలు చెబుతున్నట్టు చెప్పింది. బహుమతి ఇచ్చినవాళ్ళకి, ఇంకా ఇవి కూడా చేశాను అని చూపించుకుంటున్నట్టు.

'ఇక చాలమ్మా, చాలు,' అన్నాను తెలుగులో.

'మాట్లాడనీ అక్కా!' అని మడతమ్మ నా మీద కసిరింది. నా మీద కసరడం అదే మొదటిసారి. 'ఏడాది తర్వాత నోరు విప్పింది. ఎంత బాగా మాట్లాడుతోందో చూడు! వాళ్ళ మొహాలు చూడు, నోట మాట రావడం లేదు వాళ్ళకి!'

నిజమే, వాళ్ళకి నోట మాట రాలేదు. చిన్న టీచరు నేల మీంచి లేచి కిటికీ వైపు తిరిగిపోయింది. పెద్దటీచరమ్మ వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది, ఫోనులో ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడింది. తర్వాత నా పక్కకొచ్చి నిలబడింది. పిల్లల ఆఫీసు నుంచి మనుషులు వస్తున్నారని, ఈ రాత్రికి పిల్ల ఇంటికి వెళ్ళకూడదని, తల్లికి నన్నే చెప్పమంది.

నేను ఊరుకుంటానా? పడ్డాను మీద. మొగుడు పోయిన మనిషి, పగటి పని ఇవ్వరు, పిల్లని చూసే దిక్కు లేదు, ఇంక ఆమె ఏం చెయ్యాలి, మీరైతే ఏం చేస్తారు అని వచ్చిన మాటలన్నీ అన్నాను. రానివి తెలుగులో అన్నాను. ఆమె అన్నీ విన్నది. 'మీరన్నది నిజమే. కానీ పొగ సంగతి విన్నాక వినలేదని నేను అనలేను. ఇంకోసారి కాలితే?' అంది. పొగ సంగతి నేనూ అప్పుడే విన్నానుగా, ఇక ఏమని పోట్లాడను?

'ఏమంటోందక్కా? ఎందుకలా పోట్లాడుతున్నావు?' అంటోంది మడతమ్మ. 'ఇక వేరే బడికి పంపరుగా? మాటలొచ్చని ఒప్పుకున్నారుగా?'

ఒప్పుకున్నారని చెప్పాను. చెప్పి, మిగతాది కూడా చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు, వచ్చినా అందులో మెత్తగా చెప్పేదేముంది? పిల్ల ఏమేం చెప్పిందో చెప్పాను, తాళం సంగతీ, పొగ సంగతీ. ఎవరొస్తున్నారో చెప్పాను.

మడతమ్మ అరుస్తుందనుకున్నాను. పిల్లని లాక్కుని పరిగెడుతుందనుకున్నాను, పరిగెడితే ఆ తలుపుకి అడ్డంగా నిలబడదామని కూడా అనుకున్నాను, ఎవర్ని ఆపడానికో నాకే తెలీదు. తను ఏమీ చెయ్యలేదు. ఒళ్ళోంచి పిల్లని దించి ఎదురుగా నిలబెట్టుకుంది. పొగ అన్న మాట దగ్గరే ఉండిపోయిందనుకుంటాను, పిల్ల జుట్టు వాసన చూసింది. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. కాలరు సరిచేసింది.

వసపిట్ట ఆ గదిలో అందరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఎవరూ నవ్వడం లేదని దానికి అర్థమవుతోంది. చేతిలో బహుమతి అట్ట నలిపేస్తోంది.

'అమ్మా, తప్పు చెప్పానా?' అంది.

'లేదు తల్లీ,' అంది మడతమ్మ. 'చాలా బాగా చెప్పావు. అన్నీ బాగా చెప్పావు.'